గవర్నరమ్మ ఇంగ్లీషు

కొన్నేళ్ళ కిందట, రంగూనుకి టూరిస్టులు ఇంకా ధైర్యంగా వస్తున్న రోజుల్లో, వాన తగ్గేదాకా పబేడాన్‌లో ఒక చిన్న లాడ్జి వసారాలో నిలబడ్డాను. లోపల ఇద్దరు తెల్లవాళ్ళు తడిసిన సంచులు కింద పెట్టి, తమ గది సిద్ధమైందా అని అడుగుతున్నారు. కౌంటరు వెనక ఉన్న మనిషి నా ఈడువాడే. గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని, ఇంగ్లీషులో ఒక పొడుగాటి వాక్యం వదిలాడు. తెలుగులో చెప్పాలంటే, "తమరు విచ్చేయు సమయమునకు ఏ గృహమూ సిద్ధపరచబడి యుండలేదని మనవి చేసుకొనుచున్నాను" అన్న ధోరణి. తెల్లవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అతను గౌరవంగానే అన్నాడో వెక్కిరించాడో వాళ్ళకి అంతుపట్టలేదు.

నాకు ఆ వాక్యం కంఠతా వచ్చు. లోపలికి వెళ్ళి తెలుగులో, "తాకేటాలో గవర్నరమ్మ దగ్గిర సదివినావేటి బాబూ?" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఎలగ పట్టీసినావక్కా?"

పట్టకేం? ఆ ఇంగ్లీషు ప్రపంచంలో ఇంకెవరూ మాట్లాడరు. పజుండౌంగ్ కాలువ అవతల, తాకేటాలో, చెక్క ఇళ్ళ మధ్య పెరిగిన మా తెలుగు పిల్లలూ, మా వీధి బర్మా పిల్లలూ కొందరే మాట్లాడతారు. ఆ పాపం మాది కాదు, ఒక పుస్తకానిది, దాన్ని పట్టుకున్న ఒకావిడది.

ఆవిడ పేరు నాకు తెలుసు గానీ రాయను. బతికి ఉండగా ఆ పేరుతో ఆవిణ్ణి పిలిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. ఎదురుగా సయామ అనేవాళ్ళం. బర్మాలో టీచరమ్మని అలాగే అంటారు. వెనక గవర్నరమ్మ అనేవాళ్ళం. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి, వినపడనట్టు ఉండేది.

బక్కమనిషి, పొడుగు, నల్లటి నలుపు. బుగ్గల మీద దనాక గంధం రాసుకుంటే ఎండిన నది మీద ఇసకలా తెల్లగా మెరిసేది. పెళ్ళి చేసుకోలేదు. మిషను బడి మిషనుది అయినన్నాళ్ళూ అందులో ఇంగ్లీషు చెప్పింది. తర్వాత బడిని సర్కారు తీసేసుకుంది, దొరసానుల్ని దేశం వదిలి పొమ్మంది, బళ్ళలో ఇంగ్లీషుకి అడుగున పీట వేసింది. బయటి పుస్తకం లోపలికి రాదు, లోపలి మనిషి బయటికి పోడు. అలాంటి కాలంలో ఆవిడ ఇంటి ముందు గదిలో చాప పరిచి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టింది. చెప్పడానికి ఆవిడ దగ్గర ఉన్నది ఒకే ఒక్క పుస్తకం.

అమెరికాలో ఎక్కడో గడ్డి తప్ప ఏమీ మొలవని ఒక కొత్త ప్రాంతం. అది రాష్ట్రం కాకముందూ, అయిన కొత్తలోనూ దాన్ని ఏలడానికి వచ్చిన గవర్నర్ల కథ ఆ పుస్తకం. అట్ట లేదు, ముందు పేజీలు లేవు. ఆ రాష్ట్రం పేరు సయామ ఎలా పలికిందో మేమూ అలాగే పలికేవాళ్ళం. పెద్దయ్యాక నేను అమెరికా మ్యాపు ముందేసుకుని వెతికాను. ఆవిడ ఉచ్చారణకి మూడు రాష్ట్రాలు కొంచెం కొంచెం సరిపోయాయి, ఒక్కటీ పూర్తిగా సరిపోలేదు. ఏ గవర్నర్ల మధ్య పెరిగానో నాకు ఇప్పటికీ తెలీదు.

"ఈ బుక్కే ఎందుకు తెచ్చుకున్నారు సయామా?" అని ఒకసారి అడిగాను. దొరసాని వెళ్ళిపోతూ బీరువా తెరిచి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోండి అందట.

"నాను ఎల్లేసరికి మంచియన్నీ అయిపోనాయి. ఇదొక్కటే ఉన్నాది. ఎవులూ ముట్టనేదు," అంది సయామ. ఆ తర్వాత నొచ్చుకున్నట్టు పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కుంది. పక్కనున్నవాడు వినకూడని మాట వాడి ముందే అనేసి మనం సర్దుకున్నట్టే.

తెరిచే ముందు దాని వీపు మీద రెండు చరుపులు చరిచేది. లోపల దాక్కున్న వెండిపురుగులు రాలేవి. "లెగండయ్యా, పిల్లలొచ్చినారు," అనేది గవర్నర్లతో. తర్వాత ఒక వాక్యం ఇంగ్లీషులో చదివేది. ఒకరు దాన్ని తెలుగులో చెప్పాలి, ఇంకొకరు బర్మా భాషలో చెప్పాలి. మూడు భాషల్లోనూ నిలబడితేనే ఆ వాక్యం అర్థమైనట్టు లెక్క. మూడింట్లో ఏ ఒక్క దాంట్లో తడబడినా ఆ రోజు పాఠం అక్కడితో ఆఖరు. స్టీమరు దిగిన గవర్నరుకి ఇల్లు సిద్ధంగా లేదన్న వాక్యం దగ్గర మేం ఒక వర్షాకాలమంతా ఉన్నాం.

గవర్నర్లకి పుస్తకంలో పేర్లున్నాయి. ఆవిడ వాడేది కాదు. ఒకాయన ప్రమాణం చేసిన రెండు రోజులకే జబ్బుచేసి పోయాడు. ఆయన రెండ్రోజులాయన. ఇంకొకాయన ఉద్యోగం ఒప్పుకున్నాడు గానీ ఆ చలికి ఎక్కువకాలం తన సొంతూళ్ళోనే గడిపాడు. ఆయన పుట్టింటాయన. రాష్ట్రం అయ్యాక వచ్చినాయన రాజధానిని ఊరు కాని ఊరికి, ఒట్టి గడ్డిలోకి మార్చాడు. అదే ఉత్సాహంలో ఏదో చేతివాటం చూపిస్తే సభవాళ్ళు పదవి పీకేశారు. కొన్నేళ్ళకి మళ్ళీ వాళ్ళే జాలిపడి, ఆ పీకేసిన సంగతిని రికార్డులోంచి కొట్టేశారు. ఈ చివరిది సయామకి ఎంతో ఇష్టం. "కొట్టీసినారంటే అవ్వనట్టేనా, అయినట్టా?" అని మమ్మల్ని అడిగేది. జవాబు ఆవిడకీ తెలీదు. తెలీని ప్రశ్నలే అడగడం ఆవిడ అలవాటు.

సరిహద్దు అనే అర్థంలో ఫ్రాంటియర్ అన్న మాట వస్తే మా క్లాసు మొత్తం తప్పులో కాలేసేది. బర్మాలో ఆ మాటకి షాన్ కొండలని, కచిన్ కొండలని అర్థం. అమెరికా గవర్నర్లు షాన్ కొండల్లో స్టీమరు ఎలా దిగారా అని నేను చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నాను. సయామ దిద్దేది కాదు. "కొండోళ్ళని అడుగు, ఆల్లకి తెలుస్తాది," అనేది. ఒకరోజు మాత్రం పుస్తకం బోర్లించి, "ఈ గడ్డిలో ముందునించీ మనుసులున్నారు కదేటి? ఆల్లు బూమి రాసిచ్చి సంతకం పెట్టినప్పుడే ఈ బుక్కులో కనపడతన్నారు. సంతకం అయిపోనాక మరి కనపడరు. ఏటైపోనారు?" అంది. ఆ రోజు పాఠం ముందుకి సాగలేదు.

ఈ గవర్నర్లంటే ఆవిడకి నిజంగా ప్రేమా, లేక ఇంకో పుస్తకం లేక వీళ్ళతో సరిపెట్టుకుందా? ఇది నన్ను ఎన్నాళ్ళుగానో తొలుస్తున్న అనుమానం. లాడ్జిలో అతన్నీ అడిగాను. "కట్టుకున్నోడి మీద ఉండే ప్రేమక్కా అది," అన్నాడు. కాదనలేకపోయాను.

మా అన్నయ్య కూడా ఆ చాప మీదే చదివాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇంగ్లీషు బాగా వచ్చేది, బర్మా ఇంకా బాగా వచ్చేది. తెలుగు వంతు వస్తే మాత్రం దగ్గు తెచ్చుకునేవాడు. ఇంట్లో అమ్మ తెలుగులో తిడితే వాడు బర్మాలో జవాబు చెప్పేవాడు. తిట్లకీ తిండికీ సరిపడా తెలుగే వాడికి ఉండేది. సయామ వాణ్ణి వదిలేది కాదు. "ఓరి గుంటడా, మీ నానమ్మ సచ్చిపోతే ఆవిడతో పాటు పాతీస్తావేటి తెలుగుని?" అనేది. వాడు నవ్వి తప్పించుకునేవాడు.

ఎనభై ఎనిమిదిలో సర్కారు మీద ఊరంతా లేచింది. ఆగస్టులో కాల్పులయ్యాయి. తర్వాత కొన్నాళ్ళు సర్కారు ఉందో లేదో తెలియని రోజులు వచ్చాయి. పోలీసు లేడు, ఆఫీసు లేదు. ప్రతి వీధికీ వెదురు కంచెలు కట్టారు, కుర్రాళ్ళు కాపలా కాశారు. వాళ్ళ చేతుల్లో కత్తులు, సైకిలు పుల్లలు సానపెట్టి చేసిన బాణాలు. ఇంతలో ఒక పుకారు పుట్టింది. జైళ్ళలోంచి వదిలిపెట్టిన వాళ్ళని సర్కారువాళ్ళే పంపించి, వీధి చివర దాహానికి పెట్టిన నీళ్ళ కుండల్లో విషం కలిపిస్తున్నారని. అలా దొరికారని కొందరిని కొన్ని పేటల్లో చంపేశారు కూడా. అందులో ఎందరు నిజంగా కలిపారో దేవుడికే తెలియాలి. మా కంచె దగ్గర కాపలాలో మా అన్నయ్య ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను సయామ ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. కంచె వైపు కేకలు వినిపించాయి. ఇద్దరం వెళ్ళేసరికి ఒక ముసలాయన్ని నీళ్ళ కుండ పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ఉన్నారు. గంజాం వైపు మనిషి, మెళ్ళో తులసి పూసలు. ఆయన ముందు ఒక ఆకుపొట్లం విప్పి ఉంది, అందులో గోధుమరంగు పొడి. భయానికి ఆయనకి వచ్చిన కాసింత బర్మా కూడా మర్చిపోయాడు. అక్కడున్నవాళ్ళలో తెలుగు తెలిసినవాడు వాడొక్కడే కదా అని మా అన్నయ్య చేత అడిగించారు.

జరిగింది ఇది. పొట్లంలో ఏమిటని అన్నయ్య అడిగాడు. "మందు బాబూ. మా పిల్లకి," అన్నాడు ముసలాయన. అన్నయ్య తిరిగి గుంపుతో బర్మాలో చెప్పాడు: "విషమట. పిల్లలకట."

వాడు అబద్ధం చెప్పలేదు. మా ఇంట్లో జ్వరానికి వేసుకునేదాన్ని అమ్మతో సహా అందరం బర్మా మాటతో సే అంటాం. మందు అన్న మాట నానమ్మ నోటే వినపడేది. ఎలకల మందు. లేదంటే ఎవరైనా ఉన్నట్టుండి మంచాన పడితే, "ఆడికెవులో మందెట్టీసినారు" అనేది. వాడికి తెలిసిన మందు అంతే. పిల్ల అంటే కూతురని కూడా వాడికి తట్టలేదు.

సయామ ముసలాయన పక్కన కూర్చుంది. "ఎక్కడికి ఎల్తన్నావు నాయనా?"

"మా అమ్మాయి నీలాడినాదమ్మా. ఈ ఎనక వీదిలోనే. కాయం తెచ్చినాను."

పురుడు పోసుకున్న పిల్లకి పెట్టే కాయం. శొంఠి, పిప్పళ్ళు, ఇంకా ఏవేవో దంచి చేస్తారు. సయామ లేచి బర్మాలో ఆ మాటే గుంపుకి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. నమ్మకపోగా, కత్తి పట్టుకున్న ఒకడు, "ఈవిడా వాళ్ళ మనిషేగా, వాళ్ళని వెనకేసుకురాక ఏం చేస్తుంది?" అన్నాడు. ఆ మాటకి నలుగురు తలలూపారు. మా నల్లటి మొహాల వైపు వాళ్ళు చూసిన చూపుకి నేను సయామ వెనక్కి జరిగాను. అన్నయ్య మొహం పాలిపోయింది. వాడికి ఏం జరిగిందో అప్పుడప్పుడే అర్థమవుతోంది, పొట్లం వైపే చూస్తున్నాడు.

సయామ ఇంక వాదించలేదు. వంగి పొట్లంలోంచి గుప్పెడు పొడి తీసి నోట్లో పోసుకుంది. ఘాటుకి పొలమారింది. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి, ముక్కు కారింది. ఒకడు "చూడండి, చూడండి" అని అరిచాడు. ఆవిడ దగ్గుతూనే చెయ్యెత్తి ఆగమంది. కుండలోంచి ఒక గ్లాసు నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది. అనుమానపడుతున్న ఆ కుండలోంచే.

"నాకో కుర్చీ వెయ్యండి," అంది బర్మాలో. "ఈ గోడ నీడ ఎదురింటి మెట్ల దాకా వచ్చేవరకు కూర్చుంటాను. నేను పోతే ఆయన్ని ఏం చేసినా మీ ఇష్టం. పోకపోతే కూతురి దగ్గరికి పంపండి. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు, పాఠం చెప్పుకుందాం."

కుర్చీ వేశారు. వెయ్యక ఏం చేస్తారు, ఆ కంచె దగ్గర ఉన్నవాళ్ళలో సగంమంది ఆవిడ చాప మీద కూర్చున్న బర్మా కుర్రాళ్ళే. ఆవిడ అన్నయ్యని పిలిచి తన పక్కన నిలబెట్టింది. ఆవిడ బర్మా అన్నయ్య బర్మాకి ఏం తీసిపోదు. అయినా ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది. "నువ్వు బర్మాలో సెప్పు. తప్పు సెప్పిన నోటితోనే ఒప్పు సెప్పాల," అంది వాడితో తెలుగులో.

పుస్తకం చేతిలో లేదు. అక్కర్లేదు కూడా. రెండ్రోజులాయన పోయాడు. కొత్త గవర్నరు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో అక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు, అందుకని ఊళ్ళోవాళ్ళే ఒక కమిటీ పెట్టుకున్నారు. ఇక్కడ సయామ ఆగి, వాళ్ళు చెడ్డవాళ్ళు కారు అన్న వాక్యాన్ని రెండుసార్లు చెప్పించింది. అన్నయ్య రెండుసార్లూ చెప్పాడు. ఒకరి గుర్రం కనపడలేదు. ఆ దారిన ఒక పరదేశి వచ్చాడు. అతని భాష ఎవరికీ సరిగ్గా తెలీదు. కమిటీ అతన్ని చెట్టుకి వేలాడదీసింది. మర్నాడు గుర్రం గడ్డి మేసి మేసి దానంతట అదే ఇంటికొచ్చింది.

అన్నయ్య ఆ చివరి వాక్యం చెప్పలేకపోయాడు. చేతుల్లో మొహం దాచుకున్నాడు. వెనకనించి ఇంకెవరో పాత విద్యార్థి బర్మాలో దాన్ని పూర్తిచేశాడు. అప్పటికి కత్తి పట్టుకున్నవాడు గోడ నీడలో చతికిలబడి ఉన్నాడు. పాఠం అయ్యాక అందరం నీడనీ సయామనీ మార్చి మార్చి చూశాం. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది, పై పెదవి మీద చెమట.

నీడ మెట్లెక్కింది. సయామ లేచింది. ముసలాయన్ని లేవదీశారు, ఎవరో ఆయన తువ్వాలు దులిపి ఇచ్చారు. ఆయన మొదట చేసిన పని పొట్లంలోకి తొంగిచూడటం. "సగానికి సగం తినీసినాదమ్మ. మా పిల్లకి సాలదు," అన్నాడు సణుగుతూ. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆయన్ని కూతురింటి దాకా దిగబెట్టి వచ్చింది మా అన్నయ్యే. దారిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వాడు ఎన్నడూ చెప్పలేదు.

ఇంటికి రాగానే సయామ గుమ్మంలోనే కూలబడింది. నేను విసనకర్ర పట్టుకుని, కాయమని ముందే తెలుసా అని అడిగాను.

"సొంటి వాసన వచ్చింది. మరేటి కలిసిందో నాకేటి తెలుసు? బయమేసింది," అంది. కాసేపాగి పెదాలు నాక్కుంది. "ఈ మందు నాకింతదాకా ఎవులూ పెట్టనేదే గుంటా. బాగుంది."

ఆవిడ తల నా భుజానికి ఆనించుకున్నాను.

సెప్టెంబరులో సైన్యం వచ్చింది. కంచెలు పీకించింది. ఐదుగురికి మించి ఒకచోట చేరకూడదంది. సయామ చాప మీదికి నలుగురు చొప్పున వచ్చేవాళ్ళం, ఐదో మనిషి ఆవిడ. "గవర్నర్లని లెక్కెట్టకండి," అనేది. మా అన్నయ్య ఇంగ్లీషు పాఠానికి రావడం మానేశాడు. వేరే వేళకి ఒక్కడూ వచ్చి, "నాకు తెలుగు చెప్పండి సయామా," అని బర్మాలో అడిగాడట. "నా దగ్గిర తెలుగు బుక్కు ఏదిరా? మీ నానమ్మ దగ్గిరికెల్లి కూకో," అని తిప్పి పంపేసిందట. వాడు నిజంగానే వెళ్ళి కూర్చున్నాడు. నానమ్మ వాడితో తనకి తెలిసినవన్నీ, అక్కర్లేనివన్నీ మాట్లాడింది. ఏడాది తిరిగేసరికి వాడి నోట గంజాం యాస కూడా వచ్చింది. ఒక్క మాట మాత్రం వాడు పలికేవాడు కాదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా సే అనేవాడు, లేదా సీసా చూపించేవాడు. మేం గమనించనట్టు ఊరుకునేవాళ్ళం.

కొన్నేళ్ళకి సయామకి ఊపిరితిత్తుల్లో నీరు పట్టింది. వంతులవారీగా కూర్చునేవాళ్ళం. ఆఖరి రోజుల్లో ఆవిడకి మనుషులు సరిగా ఆనేవాళ్ళు కాదు. చెంచా నోటి దగ్గరికి తెస్తే పెదాలు బిగించేది, మొహం పక్కకి తిప్పేసేది. నేనూ అమ్మా ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. ఒక ఉదయం అన్నయ్య వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, సీసాలోంచి చెంచాలోకి వంచుకున్నాడు.

"ఏటది?" అంది ఆవిడ, కళ్ళు మూసుకునే.

వాడి చెయ్యి ఆగిపోయింది. చెంచాలోంచి రెండు చుక్కలు దుప్పటి మీద పడ్డాయి.

"మందు, సయామా," అన్నాడు.

ఆవిడ కళ్ళు తెరవలేదు. నోరు తెరిచింది.